తగ్గించి ఎత్తిన పాట

ఖిదిర్‌పూర్
ఆగస్టు, ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

మా ఇంటి ఒక్కగానొక్క ఆడపడుచు రోజాకి, నీ వదిన రమాకుమారి రాస్తున్నది.

గొంతు ఆపరేషన్ అయింది కాబట్టి కొన్ని నెలలు నోరు తెరవకూడదని డాక్టరు చెప్పాడట. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ మాట నేను చెప్తూనే ఉన్నాను, ఎవరూ పట్టించుకోలేదు. నవ్వకు, కుట్లు ఇంకా పచ్చిగా ఉంటాయి.

ఫోన్లో రాసుకుందామంటే నీకు తెలుగు టైపు రాదు. నువ్వు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపే తెలుగు చదివే ఓపిక నాకు లేదు. మీ ఆయన యోగేశ్ అన్నయ్య ప్రతి ఆదివారం ఆరాధనకి వాట్‌గంజ్ వస్తాడు కదా, ఆయన చేతికే ఇస్తాను. లిలువా హిందీ బడిలో చదివిన మనిషి, తెలుగు అక్షరం పోల్చలేడు. అందుకే కవరు అంటించకుండా ధైర్యంగా పంపుతున్నాను.

ఇక అసలు సంగతి. ఈవేళ చర్చిలో పాట నేనే ఎత్తాను. మన సంఘంలో హార్మోనియం మూలపడి ఎన్నాళ్లయిందో నీకు తెలుసు. ఒకరు ఎత్తాలి, మిగిలినవాళ్లు అందుకోవాలి. నేను కాశీబుగ్గ నుంచి కోడలిగా వచ్చిన మొదటి ఆదివారమే మీ నాన్న సోములు మామయ్య నన్ను పక్కకి పిలిచి, "అమ్మీ, మా రోజా ఎత్తుతాది, నువ్వు ఎనకాల అందుకో" అన్నాడు. ఆ వెనకాల అందుకోవడంలోనే నా సంసారం సగం గడిచిపోయింది. మామయ్య పోయినా ఆ మాట పోలేదు.

ఉన్నమాట చెప్తాను. నువ్వు మంచాన పడ్డావన్న బాధ నాకు ఉంది. దాని పక్కనే ఒక మూల సంతోషం కూడా కూర్చుని ఉంది. నీ అంత ఎత్తులోనే ఎత్తాను. మొదటి చరణం బాగానే సాగింది. మూడో చరణంలో గొంతు పట్టేసింది. అప్పాయమ్మ పిన్ని వెనక్కి తిరిగి "రోజా ఉంటేనా" అంది. పక్కావిడతో కాదు, సరిగ్గా నా మొహంలోకి చూసి అంది.

మీ అన్నకి ఓడల డాక్‌లో పని కొంచెం తగ్గింది. కంగారేమీ లేదు. మా సందులో నీళ్లు ఇంకా మోకాలి దాకా ఉన్నాయి, దానికీ కంగారు లేదు.

వదిన


లిలువా
ఆగస్టు చివర

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చి, నవ్వకూడదని గుర్తొచ్చి, తలగడ నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఇలాంటివి రాసి నన్ను చంపకు.

ఇక్కడ నా పని మహారాణీ వైభోగంగా ఉంది. పాప చిన్నప్పటి పలక ఒకటి దొరికింది, దాని మీదే నా మాటలన్నీ. కూరలమ్మే దాదాకి పలక మీద బెండకాయ బొమ్మ వేసి చూపిస్తే సొరకాయ ఇచ్చాడు, నా బొమ్మ అంత గొప్పగా ఉంది. మా ఆయన సంగతి ఇంకా తమాషా. నాకు మాట లేదు కానీ చెవులు ఉన్నాయి కదా. ఆయన మాత్రం నాకు చెవుడు వచ్చినట్టు గట్టిగా అరుస్తాడు, పైగా చేతులు ఊపి సైగలు చేస్తాడు. క్వార్టర్లలో అందరూ మేం పోట్లాడుకుంటున్నామని అనుకుంటున్నారు.

నేను సంతోషంగా ఉన్నాను వదినా. దేవుడు నా నోరు మూసి చెవులు తెరిచాడు. పొద్దున్నే రైల్వే వర్క్‌షాపు సైరన్ ముందు పిచికలు ఎంత గోల చేస్తాయో ఇన్నేళ్లూ నేను వినలేదు. బాధలో కూడా ఆనందించాలని మనం ఎన్నిసార్లు పాడామో, ఇప్పుడు పాడకుండా చేసి చూపించమంటున్నాడు. "సంతోషంగా ఉన్నాను" అని పలక మీద రాసి గోడకి ఆనించి పెట్టుకున్నాను, ఇంటికి ఎవరొచ్చినా అదే ముందు చదువుతారు.

నువ్వు పాట ఎత్తినందుకు ఎంతో సంతోషం. అదీ నా శ్రుతిలోనా? జాగ్రత్త, అది నీ గొంతుకి కొంచెం ఎక్కువేమో.

ఇక్కడి దుమ్ము పడదని డాక్టరు బయటికి వద్దన్నాడు, అందుకే చర్చికి రావడం లేదు. అన్నయ్య ఎలా ఉన్నాడో సరిగ్గా రాయి.

రోజా


ఖిదిర్‌పూర్
సెప్టెంబరు

రోజాకి,

"నీ గొంతుకి కొంచెం ఎక్కువేమో" అన్న మాట నాలుగుసార్లు చదివాను. నోరు లేకపోయినా వాత పెట్టడం మానలేదు నువ్వు. అవును, నీ శ్రుతిలోనే ఎత్తుతున్నాను, ఇకముందూ అలాగే ఎత్తుతాను. నాది మగగొంతని మీ బంధువులు నవ్వుకున్నది నాకు గుర్తుంది.

నీ పలక ఎంత పేరు తెచ్చుకుందో తెలుసా. పోయిన ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రసంగమంతా దాని మీదే చేశారు. జైల్లో పాటలు పాడిన భక్తులకీ లిలువాలో పలక పట్టుకున్న మన సోదరికీ తేడా లేదన్నారు. ఆడవాళ్లంతా కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. మీ ఆయన ముందు వరసలో కూర్చుని కిరీటం పెట్టినట్టు తల ఎత్తుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నువ్వు పాడితే నీది పేరు. నువ్వు నోరు మూసుకున్నా నీదే పేరు. నీకొచ్చిన జబ్బు కూడా సాక్ష్యమైపోయింది. మా ఇంట్లో సందు నీళ్లు గడప దాటి వంటింట్లోకి వచ్చాయి, పొయ్యి బల్ల మీద పెట్టి వండాను, అలా వండుతూ కూడా నేను ప్రార్థన మానలేదు. నన్ను నిలబెట్టి సాక్ష్యం చెప్పమన్నవాళ్లు ఒక్కరు లేరు. కష్టంలో ఆనందంగా ఉండటం నాకు చేతకాదు, విసుక్కుంటూ ఉంటాను. విసుక్కుంటూనే ఉంటాను కానీ ఉంటాను కదా. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇంకో సంగతి విను. ఈ నెల పిడికెడు బియ్యం నీ ఇంటికి పంపాలని సంఘం నిర్ణయించింది. పొయ్యి వెలిగించేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తాం, నెలకోసారి తీసుకెళ్లి అప్పాయమ్మ పిన్ని డ్రమ్ములో పోస్తాం. అది కష్టంలో ఉన్న ఇంటికి. రైల్వే క్వార్టరు, నెల జీతం ఉన్న ఇల్లు కష్టంలో ఉన్నట్టా? నేను నోరెత్తలేదు. ఎత్తితే కళ్లలో నిప్పులు పోసుకుందంటారు. పోసుకున్న మాట నిజమే.

మీ అన్న బాగున్నాడు.

వదిన


లిలువా
సెప్టెంబరు చివర

వదినా,

నీకు కోపం వచ్చిందని మొదటి వరసలోనే తెలిసింది, అక్షరాలు కాగితానికి అవతలి వైపు దాకా దిగాయి.

బియ్యం వచ్చింది. వద్దని చెప్పించేలోపే మా ఆయన మోసుకొచ్చేశాడు. పిడికెడు బియ్యం ఎప్పుడూ వేసేదాన్నే కానీ తినేది ఇదే మొదటిసారి. ఒకరిది ఉప్పుడు బియ్యం, ఒకరిది పచ్చి బియ్యం, ఒకరిది రేషను. ఒకటి ఉడికేసరికి ఇంకొకటి ముద్దయింది, ఇంకొకటి పలుకుగానే ఉంది. మా పాప కంచంలో చెయ్యి పెట్టి "ఏటమ్మా ఇది, అన్నమా, జావా" అంది. చివరికి నీళ్లు ఎక్కువ పోసి గంజిలా కాచాను. ముద్ద మింగుడు పడని నాకు అదే బాగుంది. మీ అందరి వంటిళ్లూ ఒక్క గిన్నెలో ఉన్నాయి అనుకుని తాగాను.

నేను బాగానే ఉన్నాను. సంతోషంగానే ఉన్నాను.

అన్నయ్య గురించి ఈసారి కూడా ఒక్క ముక్కే రాశావు.

రోజా


ఖిదిర్‌పూర్
అక్టోబరు, పూజల వారం

రోజాకి,

మా సందు మొగలో ఈ ఏడు పూజ పందిరి ఎంత పెద్దదంటే, దాని స్పీకర్ల చప్పుడుకి మా గోడ మీద క్యాలెండరు ఊగుతోంది. ఎదురింటి బెంగాలీ బౌది నారికేల్ నాడూ, అదే కొబ్బరి ఉండలు, తెచ్చి పెట్టింది. నేను ఒకటి తిని మూడు దాచాను, మీ పాపకి పంపుతున్నాను.

క్రిస్మస్ పాటలు మొదలుపెట్టమన్నారు అయ్యగారు. తెల్లవారు ఆరాధనలో మొదటి పాట ఎవరెత్తాలన్న మాట వచ్చింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పాయమ్మ పిన్ని "అప్పటికి రోజాకి గొంతు వచ్చేస్తాదా" అంది. అప్పుడు అయ్యగారు, వస్తే రోజా, రాకపోతే రమాకుమారి అన్నారు. రాకపోతే అట. మిగిలిపోయిన కూర వడ్డించినట్టు వడ్డించారు నాకు ఆ పాటని.

నేను దాచుకోను, నాకు ఆ పాట కావాలి. ఏడాదంతా ఎవరు ఎత్తినా ఎవరికీ గుర్తుండదు. క్రిస్మస్ తెల్లవారు పాట గుర్తుంటుంది. ఊళ్లో లేనివాళ్లు కూడా వస్తారు, లిలువా నుంచి, ఖరగ్‌పూర్ నుంచి వస్తారు, కొవ్వొత్తులు వెలిగించి నిలబడతారు, ఎవరి గొంతుతో మొదలైతే వాళ్ల వైపే చూస్తారు. నా వైపు ఒక్కసారి చూడాలి. అంతే నా ఆశ.

కాబట్టి నిజం చెప్పు. క్రిస్మస్‌కి నీ గొంతు వస్తుందా? డాక్టరు ఏమన్నాడు? పాట నేర్చుకుని, చీర ఇస్త్రీ చేసుకుని వెళ్లి, చివరికి నీ వెనక నిలబడాలంటే ఈసారి నా వల్ల కాదు.

ఈ నెల డబ్బాలో నా పిడికెడు వేశాను. ఏం బియ్యమో అడగకు.

వదిన


లిలువా
అక్టోబరు చివర

వదినా,

నాడూ బాగుంది. పాప మూడూ తనే తింది.

డాక్టరు చూద్దాం అన్నాడు. నా కోసం ప్రార్థన చెయ్యి. నువ్వు పట్టుబట్టి అడిగితే దేవుడు కాదనడని నాన్న అనేవాడు, నీకు గుర్తుందా. పెళ్లయిన ఏడాది నాన్నకి జ్వరం వస్తే నువ్వు పొయ్యి దగ్గరే మోకాళ్లేశావు. అలా అడుగు.

రోజా


ఖిదిర్‌పూర్
నవంబరు

రోజా,

ఈ ఉత్తరం రాయకుండా ఉండాలని వారం రోజులు చూశాను. ఇక నా వల్ల కాలేదు.

మొన్న ఆదివారం నేను చర్చికి వెళ్లలేదు, తలనొప్పి అని చెప్పించాను. మధ్యాహ్నం అప్పాయమ్మ పిన్ని రిక్షా దిగింది. వెనక సంచి ఉంది. ఈ నెల పిడికెడు బియ్యం మీ ఇంటికమ్మా అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంటికెందుకు పిన్నీ, రోజాకి కదా పంపాలి అన్నాను. పిన్ని సంచి గడప లోపల పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

సాయంత్రం వండటానికి బియ్యం చేటలో పోశాను. రాళ్లు. నల్లగా మిరియపు గింజలంత రాళ్లు, పురుగులు, పురుగు గూళ్లు. ఆ బియ్యం నాకు తెలుసు రోజా. మా రేషన్ సంచి అడుగున వానలో తడిసి ముక్కిపోయిన బియ్యం అది. పోయిన నెలంతా పిడికెడు తీసేటప్పుడు మంచి డబ్బా మూత తీయకుండా ఆ సంచిలోకి చెయ్యి పెట్టాను. లిలువాకి కదా వెళ్లేది, ఆవిడ గారి ఆనందం దాన్ని కూడా గంజి కాచుకుంటుందిలే అనుకుని వేశాను. దేవుడి డబ్బాలో వేశాను. అదంతా తిన్నగా నా చేటలోకి వచ్చి పడింది.

కూర్చుని ఏరాను. ఏరుతుంటే మధ్యలో ఒక వాసన తగిలింది. సన్నగా, పొట్టిగా, తెల్లగా గోవిందభోగ్ గింజలు. ఆ వాసన కూడా నాకు తెలుసు. అందరూ తినే బియ్యం తెస్తే నువ్వొక్కదానివే గోవిందభోగ్ తెస్తావు, గొప్పకి తెస్తావని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. నువ్వు మంచం మీద నుంచి కూడా మీ ఆయన చేత నీ పిడికెడు పంపావన్నమాట. నా రాళ్ల పక్కనే నీ గింజలు ఉన్నాయి. విడదీద్దామన్నా కుదరలేదు.

మొదట ఏడుపొచ్చింది. తర్వాత, ఎందుకో తెలియదు, నవ్వొచ్చింది. చేట ఒళ్లో పెట్టుకుని ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. మీ అన్న లోపల్నుంచి వచ్చి "ఏటే, పిచ్చెక్కినాదా" అన్నాడు. జూలై తర్వాత ఈ ఇంట్లో నవ్వు వినపడటం అదే.

జూలై అని ఎందుకన్నానంటే, నీకు అబద్ధం రాశాను. మీ అన్నకి పని తగ్గడం కాదు, పోయింది. కాంట్రాక్టరు ముసలి చేతులు వద్దని కుర్రాళ్లని పెట్టుకున్నాడు. నీకు తెలిస్తే నువ్వు జాలి పడతావు, నీ జాలి నాకు మింగుడు పడదు. అందుకే దాచాను.

ఇంకొకటి ఉంది. నీ కోసం ప్రార్థన చెయ్యమన్నావు. సెప్టెంబరు నుంచి నేను చేస్తూనే ఉన్నాను. నీ గొంతు క్రిస్మస్ దాటేదాకా రాకూడదని చేస్తున్నాను. పొయ్యి దగ్గర మోకాళ్లేసి, కళ్లు మూసుకుని, గట్టిగా అడిగాను. నీ గొంతు రాకపోతే అది నా పాపం. వస్తే కూడా నేను ఎంతటిదాన్నో నీకు తెలియాలి.

రమాకుమారి


లిలువా
నవంబరు చివర

వదినా,

నీ ఉత్తరం చదివాక నీకు జవాబు రాయకూడదనుకున్నాను. పురుగుల బియ్యానికి కాదు, దానికి నాకూ నవ్వే వచ్చింది. ప్రార్థనకి. మోకాళ్లేసి అలా అడుగుతావా? నా మీద నీకు కుళ్లు ఉందని తెలుసు, అంత లోతు ఉందని తెలియదు. ఈ కాగితం మీద నేను తిట్టిన తిట్లు ఒక పేజీ నిండాయి. అది చింపి పొయ్యిలో వేసి ఇది రాస్తున్నాను.

నీ ప్రార్థన వల్ల ఏమీ కాలేదు, నిశ్చింతగా ఉండు. నా గొంతు ఆపరేషన్ రోజే పోయింది. కణితి గొంతు నరాన్ని చుట్టేసుకుని ఉంది, నరంతో సహా తీయక తప్పలేదు. ఆగస్టులోనే డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. మాట గరగరగా వస్తుందేమో కానీ పాట ఇక రాదన్నాడు. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. "సంతోషంగా ఉన్నాను" అని పలక మీద రాసింది ఆ సాయంత్రమే. ఎవరూ అడగకుండా ఉండటానికి రాశాను. అయ్యగారు దాని మీద ప్రసంగం చేశారని మా ఆయన వచ్చి చెప్తే పలక గోడ వైపు తిప్పేశాను. ఇప్పటికీ అలాగే ఉంది.

దుమ్ము పడదని చర్చికి రానన్నది కూడా అబద్ధమే. నువ్వు పాట ఎత్తుతుంటే కూర్చుని వినలేను, అందుకు రావడం లేదు. ఆదివారం మా ఆయన వచ్చి, మీ వదిన బాగానే పాడింది అంటే నేను గిన్నెలు విసిరాను. మూడో చరణంలో నీ గొంతు పట్టేసిందని నువ్వు రాసినప్పుడు నాకెంత హాయిగా ఉందో తెలుసా. ఆ వరస మళ్లీ మళ్లీ చదువుకున్నాను. కాబట్టి నువ్వొక్కదానివే పాపివని గొప్పలు పోకు.

నువ్వు విసుక్కుంటావు, తిడతావు, ఏడుస్తావు, మళ్లీ లేచి వెళ్లి పాట ఎత్తుతావు. నాకు దాని మీద కూడా కుళ్లే. నా దగ్గర ఆనందం తప్ప ఏమీ ఉండకూడదని అందరూ కట్టేశారు. దేవుడి మీద కోపం వచ్చిందని నేను ఎవరితో చెప్పను? పలక మీద ఆ మాట రాస్తే పాప చదివేస్తుంది. అందుకే నీకు రాస్తున్నాను. నాకు కోపంగా ఉంది వదినా. ఇచ్చిన గొంతు ఆయనే తీసుకున్నాడు, తీసుకోవడానికి ముందు ఒక్కమాట అడగలేదు. ఐనా పొద్దున్నే లేచి ఆయన పేరే పలుకుతున్నాను, పెదాలతో. ఎందుకో నాకే తెలియదు. మానలేకపోతున్నాను.

అన్నయ్య సంగతి నాకు అక్టోబరులోనే తెలుసు. హౌరా బ్రిడ్జి కింద పూల బజారులో బంతిపూల మూటలు మోస్తుంటే మా ఆయన చూశాడు. ఎదురుపడితే సిగ్గుపడతాడని పక్కకి తప్పుకున్నాడు. బియ్యం మీ ఇంటికి పంపమని అయ్యగారికి నేనే చీటీ రాశాను. జాలి కాదు. నా అన్న ఇల్లు అది.

రోజా


ఖిదిర్‌పూర్
డిసెంబరు మొదట

రోజాకి,

నీ ఉత్తరం మీ అన్నకి చదివి వినిపించాను. పూల బజారు అన్న దగ్గర ఆయన మొహం తిప్పుకున్నాడు. నాకు కూడా చెప్పలేదు ఆయన, గోడౌన్లో కాపలా పని దొరికిందన్నాడు. భుజం మీద పసుపు మరకలు ఎక్కడివంటే గోడ సున్నం అన్నాడు. మన ఇంట్లో అందరూ అందరే.

ఆదివారం చర్చికి వెళ్లాను. పాట ఎత్తమన్నారు, నోరు రాలేదు. అయ్యగారికి చెప్పేశాను, క్రిస్మస్ పాట నేను ఎత్తనని. ఇన్నాళ్లూ కావాలని ఏడ్చిన పాట ఇప్పుడు నాకు దక్కింది, నువ్వు పాడలేవు కాబట్టి దక్కింది. అలాంటిది నాకు వద్దు. ఎవరైనా ఎత్తుకోనీ. లేదంటే నోరు మూసుకుని కొవ్వొత్తులు వెలిగించుకుంటాం.

నీకు కోపం వచ్చిందని నాతో చెప్పావు చూడు, ఆ ముక్క మీ అన్నకి చదవలేదు. అది నాకు రాసింది.

ఈ నెల డబ్బాలో మంచి బియ్యం వేస్తున్నాను.

వదిన


లిలువా
డిసెంబరు

వదినా,

నీ త్యాగాలు నాకు అక్కర్లేదు. ఇన్నేళ్లు నా పాట మీద కన్నేసి, తీరా చేతికొచ్చాక వద్దంటే ఊరుకుంటానా.

జరిగింది చెప్తాను, జాగ్రత్తగా విను. డాక్టరు కొద్దికొద్దిగా మాట్లాడమన్నాడు. మొన్న బియ్యం కడుగుతుంటే నా గొంతులోంచి ఏదో వచ్చింది. కింద, బాగా కింద, రంపం కోసినట్టు గరగరగా. మా పాప ఉలిక్కిపడి వంటింట్లోకి వచ్చింది. నా పాత శ్రుతికి వెళ్దామని చూస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ కిందికి దిగితే ఉంది. పోలేదు. ఒకటో రెండో స్వరాలు, అంతే. వాటి మీద క్రిస్మస్ పాట పెట్టి చూశాను. పల్లవి సగం వచ్చింది.

అది ఎవరి శ్రుతో చెప్పనా? నువ్వు ఎవరూ లేనప్పుడు గిన్నెలు తోముతూ పాడుకుంటావే, అది. పెళ్లయిన కొత్తలో నేను గోడ పక్కన నిలబడి ఎన్నోసార్లు విన్నాను. ఎంత బాగుండేదో నీకు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్తే నువ్వు అందరి ముందూ అలాగే ఎత్తుతావని భయం.

నా శ్రుతిలో ఎత్తి మూడో చరణంలో గొంతు చించుకోవడం ఆపు. తగ్గించి ఎత్తు. నీ గొంతులో ఎత్తు. అలా అయితే నేను వస్తాను. ఎత్తు పెంచావో, మధ్యలో లేచి హౌరా బస్సు ఎక్కేస్తాను.

రోజా


ఖిదిర్‌పూర్
క్రిస్మస్ వెళ్లిన మర్నాడు

రోజాకి,

నిన్న నీతో మాట్లాడటానికి నా వంతు రాలేదు కాబట్టి రాస్తున్నాను. ఎలా వస్తుంది, ఆరాధన అవగానే సంఘమంతా నీ మీద పడింది. నువ్వు గరగరలాడుతూ రెండు మాటలు అంటే చాలు, కొంగులు కళ్లకి వెళ్లిపోయాయి. పాట ఎత్తినదాన్ని నేను ఒక మూల కొవ్వొత్తి మైనం గోళ్లతో గీక్కుంటూ నిలబడ్డాను. ఇది ముందే రాయాలి, లేకపోతే కడుపులో ఉండిపోతుంది.

ఇప్పుడు మిగతాది. అలవాటు కొద్దీ నీ ఎత్తుకి నోరు తెరిచాను, నువ్వు వెనక వరసలోంచి దగ్గావు. మంచి పని చేశావు. కిందికి దిగాను. అంత కింద ఆ పాట మొదలవడం మన చర్చిలో ఎవరూ వినలేదు. అప్పాయమ్మ పిన్ని గబుక్కున తిరిగింది.

అప్పుడు మగవాళ్లు అందుకున్నారు రోజా. ఇన్నేళ్లుగా వెనక బెంచీల్లో పెదాలు కదిపి ఊరుకున్న మనుషులు. నీ ఎత్తు వాళ్లకి ఎప్పుడూ అందలేదు, మనకి ఆ సంగతే తట్టలేదు, భక్తి లేదనుకున్నాం. డాక్ వాళ్లు, మున్సిపాలిటీ చీపుర్ల వాళ్లు, అందరూ ఒక్కసారి పాడేసరికి కిటికీ అద్దాలు గలగలలాడాయి. మీ అన్న కూడా పాడాడు. పూల మూటలు మోసి ఒరుసుకుపోయిన భుజం ఎగరేస్తూ పాడాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూడా ఆపలేదు, కండక్టరు దాదా "కాకా, గలా భాలో", గొంతు బాగుందని మెచ్చుకున్నాడు. డాక్ పని తిరిగి రాలేదు, గోడల తేమ ఆరలేదు, జనవరి ఎలా గడుస్తుందో తెలియదు. ఐనా నిన్న మా ఇంట్లో అందరం నవ్వుకుంటూ తిన్నాం. నువ్వు పలక మీద రాసుకున్న మాట నిన్న ఒక పూట నాకు నిజంగా వచ్చింది. అడక్కుండా వచ్చింది, ఎక్కడిదో తెలియలేదు.

మూడో చరణం దగ్గర నా గొంతు పట్టేయలేదు. అక్కడ నా వీపు వెనక నుంచి ఒక గరగర గొంతు వచ్చి కలిసింది. ఒక్క ముక్క అందుకుని, ఆగి, గాలి పీల్చుకుని, మళ్లీ అందుకుంది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూస్తే పాడలేనని చూడలేదు.

పిన్ని బయటికి వస్తూ నా చెయ్యి పట్టుకుని, "ఇన్నాళ్లూ ఏటయిపోనావే" అంది. అంతే అంది. నాకు అది చాలు. చాలదు కానీ, చాలు.

నా కుళ్లు పోయిందనుకోకు. అందరూ నిన్ను పట్టుకుని ఏడుస్తుంటే నాకు మండింది, ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది. నీకు కూడా నా మీద మండుతూనే ఉంటుందని తెలుసు, నీ మొహం చూశాను. ఉండనీ. దాంతోనే చర్చికి వద్దాం. ప్రార్థన మాత్రం మార్చాను. రోజూ పొయ్యి దగ్గర నీ గొంతులో ఇంకొక్క స్వరం ఇమ్మని అడుగుతున్నాను. నన్ను మించేంత ఇవ్వొద్దని మాత్రం చెప్పాను.

వచ్చే ఆదివారం దుమ్మూ గిమ్మూ అని వంకలు పెట్టకుండా రా. రెండో వరసలో, సరిగ్గా నా వీపు వెనక, నీకు చోటు ఉంచుతాను. ఆ మాట అనడానికి మామయ్య లేడు కాబట్టి నేనే అంటున్నాను. అమ్మీ, నేను ఎత్తుతాను, నువ్వు ఎనకాల అందుకో.

వదిన